ఈ పొట్లంలో నకిలీ ఒకటుంది

జూన్ 14
షాపు వెనక గది

చిరంజీవి బూజులమ్మకి,

తాతయ్య కడుపునిండా దీవించి, ఎవరిచేతా రాయించకుండా తన వంకర చేత్తో తానే రాస్తున్నది. ఇక్కడ అంతా కులాసా. అంటే మీ అమ్మమ్మ తిడుతోంది, నేను పడుతున్నాను, వానలు ఇంకా మొదలవకుండానే పైకప్పు భయపడి కారడానికి సిద్ధంగా ఉంది. నువ్వూ, నీ మైక్రోస్కోపూ, మీ ఆయన మాడ్చే వంటా అందరూ క్షేమమని అనుకుంటాను.

మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు నేను ఆఁ ఆఁ అన్నది నీ మాట వినపడి కాదు, మర్యాదకి. ఫోను పెట్టేశాక మీ అమ్మమ్మ, పిల్ల ఏమందని అడిగితే, బాగానే ఉన్నానంది అని చెప్పాను. గొంతు జలుబు చేసినట్టుందా, ఏడ్చినట్టుందా అని మళ్ళీ అడిగింది. నా చెవులకి రెండూ ఒకటేగా! అందుకే ఈ ఉత్తరం. కాగితం మీద అయితే నాకు అన్నీ వినపడతాయి.

పొట్లంలో బూజు పట్టిన చెక్కముక్కలు నాలుగున్నాయి. నువ్వు చెప్పినట్టే కవరు సంచిలో కాకుండా కాగితంలో చుట్టాను, ఫ్యాను గాలికి ఆరబెట్టాను. మామూలుగానే అందులో ఒకటి నకిలీ. అదేదో కనిపెడితే గెలుపు నీది, లేకపోతే నాది. పోయినసారి నేను చెక్కకి జిగురు పూసి, రంపంపొట్టు చల్లి పంపితే, మీ కళ్ళద్దాల ప్రొఫెసరుగారు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఇలాంటిది నా సర్వీసులో చూడలేదమ్మా అన్నాడని రాశావు. ఆయనకి నా నమస్కారాలు చెప్పు. ఆ జాతి మా షాపులో డబ్బాల్లెక్కన దొరుకుతుందని కూడా చెప్పు.

నువ్వు ఈ పుట్టగొడుగుల ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను అడిగాను, గుర్తుందా? పుట్టగొడుగంటే గొడుగుండాలి కదే, మీ దగ్గర గొడుగుల్లేవేమిటని. అన్నిటికీ గొడుగుండదు తాతయ్యా, కొన్ని పడిపోయిన చెక్క కింద సున్నం ఒలికినట్టు పొరగా పరుచుకుంటాయి, పైనుంచి చూస్తే ఎవరికీ కనపడవు, తిరగేస్తేనే ఉన్నట్టు తెలుస్తుంది అన్నావు. చూడ్డానికి అన్నీ ఒకటేనట. సన్నగా గీరి, మందు చుక్క వేసి, అద్దం కింద పెడితే దారాలు దారాలుగా ఉంటుందట. ఆ దారాల మధ్య సీసాల్లాంటివి కొన్ని, సూదుల్లాంటివి కొన్ని. సీసా మెడ పొడుగా పొట్టా అన్నదాన్ని బట్టి ఏ వంశమో తేలుతుందట. నాకైతే పెళ్ళిలో బంధువులు గుర్తొచ్చారు. ముఖాలన్నీ ఒకటే, దగ్గరికెళ్ళి పలకరిస్తే గానీ ఎవరు ఏ వైపో తెలియదు.

నేను చదివింది ఐదో తరగతి. అది కూడా నన్ను భరించలేక మాస్టారు ఒక్కో క్లాసూ పైకి తోసేస్తూ వచ్చాడు కాబట్టి. ఈ వయసులో నువ్వు నాకు చదువు పెట్టావు. ఇప్పుడు దారిలో ఎండుకొమ్మ కనపడితే కాలు ఆగిపోతుంది. పార్కులో కొమ్మలు తిరగేస్తుంటే పక్కషాపు టైలరు చూసి, ముసలాయనకి పొయ్యిలోకి పుల్లలు కూడా కరువయ్యాయా అన్నాడట. వెళ్ళి చెప్పాను, మా మనవరాలు డాక్టరు, రోగాలు చెక్కలవి, నేను కాంపౌండర్ని అని. అప్పట్నుంచి రోడ్డుకి అవతలి పక్కన నడుస్తున్నాడు, ఎక్కడ అంటుకుంటుందో అని.

నాలుగో ముక్క చిన్నది, వేలెడంత. పాలు ఒలికి ఆరినట్టుంటుంది, అంచుల్లో లేతగా గులాబీ. షెడ్డు వెనక పడున్న పాత సామానులోది. బాగుందనిపించి ఉలితో లేపి పంపాను. దాని గురించి పెద్దగా అడక్కు.

బిడ్డ పోయాక నువ్వీ గుమ్మం తొక్కలేదు. కాన్పుకని ఇక్కడికి వచ్చి, ఆసుపత్రి నుంచి అటునుంచి అటే వెళ్ళిపోయావు. నేను రమ్మని రాయడం లేదు. రాస్తే చేతులు విరగ్గొడతానని మీ అమ్మమ్మ అంది. వడ్రంగికి చేతులు కావాలి కదా, అందుకని రాయడం లేదు.

నీ కాంపౌండరు,
తాతయ్య


జూలై 9
అదే గది, బకెట్టు పక్కన

పొరల పరిశోధకురాలు, మా ఇంటి పెద్ద కళ్ళు, చిరంజీవి బూజులమ్మకి,

తాతయ్య ఆశీస్సులు, అమ్మమ్మ చీవాట్లు. పైకప్పు నేను చెప్పినట్టే చేసింది. బకెట్టులో చుక్క పడినప్పుడల్లా మీ అమ్మమ్మ నా వైపు చూస్తోంది. ఊళ్ళో అందరి తలుపులూ బిగించేవాడికి సొంత కప్పు బిగించే తీరిక లేదా అంటోంది. వైద్యుడు తన మందు తాను తాగడని చెప్పాను. వంటింట్లో గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు నాకే వినపడిందంటే చూడు.

నకిలీ రెండోదని పట్టేశావు. సుద్దముక్క అరగదీసి సబ్బునీళ్ళలో కలిపి పూశాను తల్లీ, ఒక పూటంతా పట్టింది. నువ్వు గోరుతో గీరి వాసన చూసి పక్కన పెట్టేశావట. ప్రొఫెసరుగారి చేతికి ఇవ్వకుండా నువ్వే ఎందుకు చూశావు? అది అన్యాయం.

నాలుగో ముక్క గురించి నువ్వు రాసింది మీ అమ్మమ్మ నాకు రెండుసార్లు చదివి వినిపించింది, నాకు చదవడం వచ్చని తెలిసి కూడా. మీ డబ్బాల్లో ఉన్న ఏ ముక్కతోనూ అది కలవడం లేదట. సీసా మెడ చివర చిన్న గుండీలాంటిది ఉందట, అలాంటిది ఇంతకుముందు ఒకే ఒక్క చోట ఎవరో బొమ్మ గీశారట, అది కూడా సరిగ్గా ఇలా లేదట. కానీ గింజల్లేవన్నావు. గింజలు రాలని పొరకి పేరు పెట్టలేరట, వానలు పడ్డాక మళ్ళీ ఒక ముక్క తీసి పంపమన్నావు. పంపుతున్నాను. ఈసారి పొర కొంచెం ఉబ్బి, చెయ్యి వేస్తే మైనంలా ఉంది. కొద్దిగానే తీశాను, మిగతాది హాయిగా ఉంది.

పేరు పెట్టే పని గురించి నువ్వు రాసింది చదివి షాపులో పని ఆపి కూర్చున్నాను. ఒకసారి పేరు పెడితే ఆ పేరు ఒక్క ముక్కకే కట్టేసి ఉంటుందా! ఇకమీద ఎక్కడ ఎవరికి అలాంటిది దొరికినా, నీ డబ్బాలో ఉన్న ఆ ముక్కతో పోల్చి చూసుకోవాల్సిందేనా! అందుకే ఆ ముక్కని పురుగు తాకకుండా, తడి తగలకుండా, నిప్పు దగ్గరికి రాకుండా దాస్తారని, మనం పోయాక కూడా దాన్ని ఎవరూ పారెయ్యరని రాశావు. నేను చేసిన బల్లలు కుర్చీలు ఎన్ని పొయ్యిల్లోకి పోయాయో! నా చేతిమీదుగా వెళ్ళిన చెక్కముక్క ఒకటి అలా ఉండిపోతుందంటే, ఏం చెప్పను, మీసం మెలేశాను. మీసం లేదని నీకు తెలుసు, అయినా మెలేశాను.

పేరు కోసం ఇక్కడ పోటీ జరుగుతోంది. మీ అమ్మమ్మ, నేలవైపు ముఖం పెట్టుకుని పడుంటుంది కాబట్టి మీ తాతయ్య పేరు పెట్టమను, అలిగినప్పుడు ఆయన కూడా అంతే అంది. టైలరు తన పేరు పెట్టించడానికి నాకు చొక్కా కుట్టిపెడతానన్నాడు. కొలతలు ఇచ్చాను, మాట మాత్రం ఇవ్వలేదు. నన్నడిగితే ప్రొఫెసరుగారి పేరు పెట్టు, ఆయన కూడా ఎక్కడ కూర్చుంటే అక్కడ పరుచుకుంటాడని నువ్వే చెప్పావు.

ఇక నీ ప్రశ్నలు. ఏ చెట్టు, ఎక్కడ పడుంది, ఎన్నాళ్ళుగా పడుంది, ఆ మూడూ తెలియకపోతే ముక్క ముక్కగానే మిగిలిపోతుందన్నావు. పైగా, తాతయ్యా, ఇది కొమ్మ కాదు, ఒక పక్క చిత్రిక పట్టిన నునుపుంది, కొంచెం వంపు కూడా ఉంది, ఇది దేనిలోదో చెప్పు అన్నావు. చిత్రిక పట్టేవాడి మనవరాలివి, పట్టకుండా వదులుతావా! చెబుతాను. సామాను చాలా ఉంది, వెతికి చూసి రాస్తాను. వానగా ఉంది కదా.

దాన్ని కదపొద్దు, ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వు అని రెండు గీతలు గీసి రాశావు. సరే.

మీ అమ్మ ఫోను చేసి, అది సరిగ్గా తినడం లేదమ్మా అని మీ అమ్మమ్మతో అంది. మీ ఆయన వంట తినకపోవడం తెలివైన పనేనని నేను అన్నాను. ఎవరూ నవ్వలేదు. నువ్వైనా నవ్వు.

తాతయ్య


ఆగస్టు 2
షాపు ముందు, వెలుతురున్న చోట

మా బంగారు బూజులమ్మకి,

తాతయ్య, అమ్మమ్మ, కారే పైకప్పు కలిసి పంపే దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మీ అమ్మమ్మ చదివి, అద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివి, పిల్ల అక్షరాలు లేచి నిలబడ్డాయి అంది. ఇన్నాళ్ళూ వాలిపోయి ఉండేవట. నేను గమనించనే లేదు, నా అక్షరాలు పుట్టినప్పట్నుంచీ వాలే ఉన్నాయి కదా.

గింజలు దొరికాయన్నమాట! చంద్రవంకల్లా వంపు తిరిగి ఉన్నాయట, చాలా చిన్నవట. రాత్రంతా గాజుపలక మీద బోర్లించి ఉంచితే పొద్దుటికి పల్చగా పొడి రాలిందట, అది చూసి ప్రొఫెసరుగారు కుర్చీలోంచి లేచాడట. ఆయన లేవడమే ఒక వార్త. ఇది కొత్తదేనని, ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టలేదని, పేరు పెట్టేది నువ్వేనని ఆయనే అన్నాడని రాశావు. ఆ వాక్యం కింద నువ్వు చిన్న బొమ్మ గీశావు, చెయ్యెత్తి గెంతుతున్న మనిషి. నువ్వు అలాంటి బొమ్మ గీసి ఎంత కాలమైందో నాకు తెలుసు.

వచ్చే వారం ఆయన్ని తీసుకుని వస్తానన్నావు. ఆ చెక్క ఉన్నచోట చూడాలి, కింద మట్టి చూడాలి, పక్కన ఇంకేం పెరిగాయో చూడాలి అన్నావు. నువ్వు వస్తున్నావని చదవగానే మీ అమ్మమ్మ లోపలికెళ్ళి కిటికీలు కడగడం మొదలుపెట్టింది. కడిగిన కిటికీనే మళ్ళీ కడిగింది. నేను పోయి, అద్దం అరిగిపోతుందే అంటే, నీకేం తెలుసు ఊరుకో అంది. ఊరుకున్నాను. ప్రొఫెసరుగారి కోసం గట్టి కుర్చీ ఒకటి తీసి పెట్టాను. నేను చేసిందే, ఒంటి బరువుకి భయం లేదు, తలకాయలో ఉన్న బరువు గురించే అనుమానం.

ఇక నీ ప్రశ్నలకి జవాబులు, రాసుకో. చెట్టు మల్బరీ. పడున్న చోటు షెడ్డు వెనక, గోడకీ నీళ్ళు పోయే తూముకీ మధ్య, చూరునీళ్ళు పడే జాగాలో. పడి రెండు వానాకాలాలు దాటాయి. వస్తువు పాత బల్ల కాలు. టైలరు బల్ల విరిగితే బాగుచెయ్యమని తెచ్చాడు, ఆ కాలు పనికిరాదని తీసి అవతల పడేశాను. అంతే. ఇందులో పెద్ద కథేమీ లేదు.

నువ్వొచ్చేలోపు ఆ ముక్కని శుభ్రంగా కోసి, కాగితంలో చుట్టి బల్లమీద పెడతాను. కదపొద్దన్నావు గానీ వెనకంతా బురదగా ఉంది, ప్రొఫెసరుగారు జారితే లేపడానికి ఊరంతా రావాలి. మీరు ముందు గదిలోనే కూర్చుని చూసుకోండి. వెనక్కి వెళ్ళే పనే లేదు.

ఈ పొట్లంలో ఇంకో మూడు ముక్కలు పెట్టాను. జాగ్రత్తగా బయల్దేరండి.

ఎప్పటికీ నీ కాంపౌండరు,
తాతయ్య

తా.క. అంటించిన కవరు మళ్ళీ చింపాను.

ఈసారి ముక్కలు మూడూ అసలువే. నకిలీ ఏదా అని వాటిని గీరకు. నకిలీ పైన రాసిన ఉత్తరం. చింపేసి వేరేది రాద్దామనుకున్నాను గానీ ఆటలో ఒకటి ఉండాలి కదా, ఉండనీ.

చెట్టు నిజం, చోటు నిజం, వానాకాలాలు నిజం. బల్ల కాలు అబద్ధం. బల్ల కాలికి వంపెందుకుంటుంది తాతయ్యా అని నువ్వు చదువుతూనే అనుకుని ఉంటావు. అది తొట్టి. నీ బిడ్డ కోసం నేను చేసిన ఊగే తొట్టి. నీకు పొర దొరికింది దాని అడుగున ఉండే వంపు చెక్కలో, నేలకి ఆనే చోట.

నువ్వు ఆసుపత్రి నుంచి చెప్పి పంపావు, దాన్ని కాల్చెయ్యమను, నా కంట పడకూడదు అని. మీ అమ్మమ్మ వచ్చి నా చెవిలో గట్టిగా చెప్పింది. నేను గొడ్డలి తీసుకునే వెళ్ళాను. కానీ ఆ చెక్క నేను ఏరి తెచ్చింది, ఎక్కడా ముడి లేదు. పసిదానికి గీసుకుంటుందని ఒక్క ఇనుప మేకు కొట్టలేదు, అంతా చెక్కమేకులే. నోట్లో పెట్టుకుంటుందని రంగు వెయ్యలేదు, మెరుగు పట్టించలేదు. అందుకే దానికి పొర పట్టింది. రంగేసిన చెక్క మీద ఇవి పెరగవని నువ్వే చెప్పావు. షెడ్డు వెనక పెట్టి రేపు కాలుద్దామనుకున్నాను. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

ఈ వేసవి చివర్లో మీ అమ్మమ్మ, పిల్ల ఎప్పుడైనా వస్తే కంట పడుతుంది, ఇక తేల్చెయ్యి అంది. సరేనని మళ్ళీ గొడ్డలి పట్టుకెళ్ళాను. కాళ్ళు ముందు ఊడదీద్దామని తొట్టిని బోర్లించాను. అడుగున తెల్లగా పరుచుకుని ఉంది, అంచుల్లో గులాబీగా. ఇన్నాళ్ళూ మేమిద్దరం దాన్ని ఖాళీ తొట్టి అనుకుంటున్నాం. పైనుంచి ఎవరికీ కనపడవని నువ్వన్నది గుర్తొచ్చింది. గొడ్డలి పక్కన పెట్టి ఉలి తీసుకున్నాను. ముక్క లేపి, తొట్టిని ఎప్పట్లాగే నిలబెట్టాను.

నీకు చెప్పకుండా ఎందుకు పంపానంటావేమో. ఏదో మామూలు పొర అయ్యుంటుంది, నువ్వు దాని పేరు చెబుతావు, నేను ఓహో అంటాను, నాకు ఒక తృప్తి, అంతే అనుకున్నాను. అది ఎవరికీ దొరకనిదై కూర్చుంటుందని నాకేం తెలుసు?

నువ్వు వస్తున్నావని తెలిశాక మీ అమ్మమ్మే ఉపాయం చెప్పింది. ఆ వంపు చెక్క ఒక్కటీ కోసి పెట్టు, మిగతాది పొయ్యిలో వెయ్యి, బల్ల కాలని చెప్పు, పిల్ల నవ్వుతూ వస్తోంది, నవ్వుతూనే వెళ్ళనీ అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? ఉత్తరం అంటించి, రంపం పట్టుకుని వెనక్కి వెళ్ళాను. రంపం పెట్టి ఒకసారి లాగాను. గీత పడింది. నీకది కనపడుతుంది, కంగారు పడకు, పొర మీద పడలేదు. తలెత్తి చూస్తే మీ అమ్మమ్మ గుమ్మంలో నిలబడి రెండు చెవులూ మూసుకుని ఉంది. పక్కనే ఉన్న నాకు వినపడని చప్పుడు ఆవిడకి అంత దూరం వినపడింది. రంపం తీసేశాను.

ఇప్పుడు నీకు తెలిసింది. రావడం మానేసినా నేనేమీ అనుకోను. ప్రొఫెసరుగారిని ఒక్కణ్ణే పంపు, చూపిస్తాను, ఏమీ చెప్పను. ఏ వస్తువు అన్న చోట బల్ల కాలనే రాసుకున్నా నాకు సమ్మతమే. పేరు సంగతి నేనెత్తను. మొన్న వేళాకోళానికి రాసిన పేర్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, టైలరు చొక్కా కూడా తిరిగిచ్చేశాను.

ఆ ముక్కని నిప్పు దగ్గరికి రానివ్వకూడదని రాసింది మాత్రం నువ్వే.

నువ్వు నాకు రెండు మాటలు చెప్పావు తల్లీ. అప్పుడు కాల్చెయ్యమన్నావు, ఇప్పుడు కదపొద్దన్నావు. మొదటిది నాకు సరిగ్గా వినపడలేదు. నా చెవుల సంగతి నీకు తెలుసుగా. రెండోది కాగితం మీద ఉంది, బాగా వినపడింది.

తొట్టి ఉన్నచోటే ఉంది.